మసి జల్లెడ

అత్తగారికి జ్ఞాపకం జారిపోయింది గాని చెవులు చెక్కుచెదరలేదు. తిన్న సంగతి గుర్తుండదు. నిన్న వచ్చి వెళ్లిన కూతురు ఇవాళ మళ్లీ వస్తే "ఎన్నాళ్లకి కనపడ్డావే" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. కానీ వంటింట్లో మూత జారిపడితే అది ఏ గిన్నె మూతో మంచం మీంచే చెబుతుంది. పైవాటా వాళ్లలో ఎవరు కొత్త చెప్పులు కొన్నారో మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి చెబుతుంది. ఇక కొడుకు కారు సంగతి సరేసరి. అది ఇంకా వీధి మలుపులో ఉండగానే "అదుగో, వచ్చాడు. స్టవ్వు వెలిగించు" అనేది.

ఆ కొడుకు పోయి ఒక చలికాలం గడిచింది.

పోయాడని ఆవిడకి మొదటిరోజే చెప్పారు. బావురుమంది. మర్నాడు లేచి "వాడు లేచాడా?" అంది. మళ్లీ చెప్పారు. మళ్లీ అదే ఏడుపు, అప్పుడే విన్నట్టు. ఆవిడ మటుకు అప్పుడే విన్నది కదా. ఆ మర్నాడూ అంతే. కోడలు పక్కన నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడి చూసేది. ఒక తల్లి కొడుకు కోసం రోజూ మొదటిసారి ఏడుస్తోంది. ఆ కొడుకు భార్య ఒక్కసారి కూడా ఏడవలేదు. "గుండె దిటవున్న పిల్ల" అన్నారు చుట్టాలు. దిటవు కాదని ఆమెకు తెలుసు. పన్ను పీకే ముందు సూది మందు వేస్తే పెదవి ఉన్నట్టే ఉంటుంది గాని మనది కాదనిపిస్తుంది. ఆమెకు ఒళ్లంతా అలాగే ఉంది. వేడి గిన్నె పట్టుకుంటే, చెయ్యి కాలిందని కాక, గిన్నె వేడిగా ఉందని మాత్రం తెలిసేది.

కారు షెడ్డులోనే ఉండిపోయింది. ముదురు నీలం రంగు, డీజిల్ బండి, వీధిలో అంత పెద్దది ఇంకోటి లేదు. ఆయన దాన్ని ఎవరో పెద్ద ఉద్యోగి దగ్గర పాతదే కొన్నాడు, కొత్తదాని ధర వింటే కళ్లు తిరుగుతాయని. కొన్నాక మాత్రం పెళ్లికొడుకుని చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఆడపడుచు ఒకరోజు అంది: "వదినా, అన్నయ్య బండి అలా వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పుడప్పుడు స్టార్టు చేసి కాసేపు ఉంచు."

సరే అంది ఆమె. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరే అనేది.

మర్నాడు పొద్దున్న షెడ్డులోకి వెళ్లి, డ్రైవరు సీట్లో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి కూర్చుని స్టార్టు చేసింది. బొంగురు లేని, బరువైన చప్పుడు. షెడ్డు గోడకి అవతలే అత్తగారి గది. లోపలికి వచ్చేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది.

"బయల్దేరాడా? ఏమైనా తిని వెళ్లాడా, కడుపు మాడ్చుకుని వెళ్లాడా?"

చెప్పాల్సిన మాట ఆమె నోటిదాకా వచ్చింది. అది రోజూ చెప్పేదే, అలవాటైన మాటే. కానీ వేరే మాట వచ్చింది.

"తిన్నారు అత్తయ్యా."

"ఊ" అని అత్తగారు దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇంట్లో ఏడుపు లేదు. సాయంత్రమైతే ఆవిడకి తెల్లవారిందో పొద్దుపోయిందో తెలిసేది కాదు. ఎప్పుడైనా అడిగితే "పడుకున్నారు" అంటే సరిపోయేది.

అప్పట్నుంచి అది ఇంటి పనుల్లో ఒకటైపోయింది. పాలు పొయ్యి మీద పెట్టడం, కారు స్టార్టు చెయ్యడం, పాలు పొంగేలోపు దించడం. కారులో కూర్చున్నంతసేపూ ఎదుట వెలిగే దీపాల వంక చూసేది. అందులో నారింజ రంగుది ఒకటి, చిన్న డబ్బాలో చుక్కలు పోసినట్టు బొమ్మ, ఎప్పటినుంచో వెలుగుతోంది. మొదట్నుంచీ ఉందో, మధ్యలో వచ్చిందో ఆమె పట్టించుకోలేదు. పక్కింటి వరండాలో దీపం వెలుగుతుంటే మనం ఎందుకని అడుగుతామా?

ఒక పొద్దున్న కారు దగ్గింది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మీట నొక్కితే లేవలేదు.

గోడ అవతలినుంచి అత్తగారి గొంతు: "ఏమైంది వాడికి?"

*

మెకానిక్ బండిని లాక్కెళ్లాడు. మనిషి సన్నగా, మాట మెల్లగా ఉంటాడు. కోడలి భర్త బతికి ఉన్నప్పుడు బండి చూసింది అతనే. కంప్యూటరు తీగ ఒకటి స్టీరింగు కింద తగిలించి, చాలాసేపు తెర చూసి, కోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, ఈమధ్య ఈ బండి ఎక్కడెక్కడ తిరిగింది?"

"ఎక్కడా తిరగలేదు."

"మరి ఇంజను మాత్రం రోజూ నడిచినట్టు చూపిస్తోంది?"

"షెడ్డులో స్టార్టు చేసి ఉంచేదాన్ని. పొద్దున్నే కాసేపు."

అతను నెత్తి గోక్కున్నాడు. "అదేనమ్మా కొంప ముంచింది. పొగగొట్టం దారిలో ఒక ఫిల్టరుంటుంది, జల్లెడ అనుకోండి. ఇంజను వదిలే మసినంతా అది పట్టుకుంటుంది. బండి దూరం పోతే ఆ కాకకి మసి లోపలే కాలిపోతుంది. నిలబెట్టి నడిపితే కాక పుట్టదు, మసి మాత్రం పుడుతుంది. రోజూ కాస్త కాస్త పోసుకుంటూ వచ్చారు. జల్లెడ పూడిపోయింది. కడిగినా కాల్చినా రాదు. మార్చాల్సిందే."

"మార్చండి."

అతను కొత్తదాని ధర చెప్పాడు. ఆమె విన్నది. కొత్తది అయ్యే పని కాదని ఇద్దరికీ తెలిసింది.

"ఇంకో దారుంది" అన్నాడతను గొంతు తగ్గించి. "డబ్బా కోసి, లోపలి జల్లెడ తీసేసి, ఖాళీ డబ్బా మళ్లీ అతికేస్తారు. కంప్యూటరుకి అబద్ధం నేర్పిస్తారు, ఫిల్టరుందనుకుంటుంది. చాలామంది చేస్తున్నారు. పొగ పరీక్షలో పట్టుకుంటే మాత్రం నా పేరు చెప్పకండి."

"చప్పుడు మారుతుందా?"

అతను ఆశ్చర్యపోయాడు. పొగ గురించో జరిమానా గురించో అడుగుతారు గాని చప్పుడు గురించి ఎవరూ అడగరు. వెనక ఉన్న ఇంకో బండి దగ్గరికి తీసుకెళ్లాడు. అదే మోడలు, బూడిద రంగు, లోపల డొల్ల ఫిల్టరు. స్టార్టు చేశాడు. చప్పుడు బాగానే ఉంది గాని, అడుగున ఎక్కడో డొక్కు డబ్బాలో మాట్లాడినట్టు బొంగురు.

"ఇది కాదు" అందామె వెంటనే.

"ఇంత తేడా ఎవరికి తెలుస్తుందమ్మా?"

"మా అత్తయ్యకి తెలుస్తుంది." బండి వంకే చూస్తూ అంది: "ఆవిడకి ఆయన పోయినట్టు గుర్తుండదు. పొద్దున్న ఈ చప్పుడు వింటే ఆయన ఆఫీసుకి వెళ్లారనుకుంటారు. వినకపోతే అడుగుతారు. అడిగితే చెప్పాలి."

మెకానిక్ తల దించుకుని చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. "అయితే పాతది దొరకాలి. లోపల జల్లెడతో, పగలకుండా, సరిగ్గా ఈ బండిదే. తుక్కు యార్డులో వెతకాలి. నేను కదల్లేను, చేతినిండా బళ్లు. చూడాల్సినవి చెబుతాను, మీరు వెళ్తారా?"

"వెళ్తాను."

అతను పూడిపోయిన ఫిల్టరును పైకెత్తించి, దాని ఒంటి మీద పొడిచిన నంబరు చూపించాడు. ఆమె ఫోనులో ఫొటో తీసుకుంది.

*

ఇంట్లో పరిస్థితి మళ్లీ మొదటికి వచ్చింది. కారు చప్పుడు లేని మొదటి పొద్దున్న అత్తగారు "వాడేడి?" అంది. ఆడపడుచు తల్లి దగ్గరుండటానికి సంచితో సహా వచ్చేసింది. "అమ్మా, అన్నయ్య ఊరెళ్లాడే" అంది. "నాతో చెప్పకుండానా?" అంది ఆవిడ. అంతా వెతికింది. బీరువా తెరిచి బట్టలు చూసింది. "ఊరెళ్తే పెట్టె ఇక్కడుందేం?" అంది. జ్ఞాపకం పోయింది గాని తెలివెక్కడికి పోతుంది? చివరికి నిజం చెప్పాల్సి వచ్చింది. గడియారంలో పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగినంతసేపు ఏడ్చింది.

మర్నాటికి ఆడపడుచుకి ఒక ఉపాయం తోచింది. ఫోనులో వెతికి పెద్ద డీజిల్ కారు చప్పుడొకటి పట్టి, షెడ్డులోకి వెళ్లి, గోడకి ఆనించి గట్టిగా పెట్టింది.

గదిలోంచి అత్తగారు కేకేసింది: "ఆ టీవీ ఆపండే, చెవులు పోతున్నాయి!"

ఆడపడుచు ఫోను పట్టుకుని తిరిగొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం. "నీ అత్తని మోసం చెయ్యడం బ్రహ్మతరం కూడా కాదు వదినా" అంది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తున్నదాన్ని కోడలు చూస్తూ, ఈమెకి కాఫీ ఇవ్వాలి కాబోలు అనుకుంది. ఇచ్చింది.

"నువ్వు మనిషివేనా వదినా?" అంది ఆడపడుచు గ్లాసు అందుకుంటూ. తిట్టలేదు, నిజంగానే అడిగింది.

"ఏమో" అంది కోడలు. "నేను యార్డుకి వెళ్లొస్తాను. ఆవిడ మాత్రలు పచ్చ డబ్బాలో ఉన్నాయి."

*

తుక్కు యార్డు ఊరి చివర ఉంది. గేటు దగ్గర తలుపుల్లేని కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మడతపెట్టిన దుప్పట్లలా. లోపల రేకుల షెడ్డులో మాత్రం దేని చోటు దానిదే. స్టీరింగులు మేకులకి, అద్దాలు సైజుల వారీగా అరల్లో, దీపాలు గడ్డి పరిచిన పెట్టెల్లో. ఎవరో శుభ్రమైన ఇల్లాలు సర్దినట్టుంది అనుకుంది కోడలు. సర్దింది ఇల్లాలే. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మెడలో తాడుకి కళ్లజోడు, ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం కావాలి చెల్లీ?"

కోడలు ఫోను చూపించింది. యార్డు ఆవిడ జోడు పెట్టుకుని నంబరు చదివింది.

"అబ్బో, పెద్దింటి సంబంధం! దీనికి పిల్లని వెతకడం కష్టమమ్మా. బండి పేరొకటే, ఇంజనొకటే, అయినా ఏడాది మారితే అల్లుడుగారు అలుగుతారు. కూర్చో, చూద్దాం."

మొదట తెచ్చినది తళతళా మెరుస్తోంది.

"చూడు ఎంత కళగా ఉందో."

కోడలు నంబరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకె ఫోనుతో సరిపోల్చింది. "చివరి అక్షరం వేరు."

"ఒక్క అక్షరమే కదే తల్లీ. అత్తింటికెళ్లాక అదే సర్దుకుంటుంది."

"సెన్సరు బిగించే రంధ్రం ఇటుంది. మాది అటు. తీగ అందదు."

"అందకపోతే లాగుతారు."

"లాగితే తెగుతుంది."

యార్డు ఆవిడ ఎగాదిగా చూసి, మెరిసేదాన్ని పక్కన పెట్టి రెండోది తెచ్చింది. దీని నంబరు అక్షరంతో సహా కలిసింది. కోడలు దాన్ని రెండు చేతులా పైకెత్తింది. అనుకున్నంత బలం అక్కర్లేకుండానే లేచింది. వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. కుండలు కొనేటప్పుడు మోగితే మంచిది గాని ఇది మోగకూడదు. తిప్పి చూస్తే కింది వైపు కొత్త అతుకు, కుట్టు వేసిన గాయంలా పొడుగునా.

"ఇందులో ఏమీ లేదండీ."

"ఎందుకు లేదు? నంబరు కలిసింది కదా!"

"నంబరు డబ్బాది. లోపల జల్లెడుంటే బరువుండాలి. బియ్యండబ్బా ఖాళీ అయిందో లేదో మూత తీసి చూస్తామా?"

యార్డు ఆవిడ పకపకా నవ్వింది. పట్టుబడ్డ సిగ్గేమీ లేదు ఆ నవ్వులో. "పొద్దున్నుంచి ఇద్దరు మగ మహారాజులు చూశారు దీన్ని. ఫొటోలు తీశారు, తిప్పారు, ఒకడైతే వాసన కూడా చూశాడు. ఎత్తిచూడాలని ఒక్కడికీ తోచలేదు. రా, నీకు దొంగ సరుకు చూపించి లాభం లేదు."

వెనక దొడ్లో ఇంకా విప్పని కారొకటి ఉంది. అదే మోడలు. అదే ముదురు నీలం. ముందు సగం నిన్ననే కడిగి పెట్టినట్టుంది, వెనక సగం నలిపిన కాగితం.

"ఊళ్ల మధ్య తిరిగే బండి. రోజూ దూరాభారం పోయేది, దీని ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉంటుందో చూడు. వెనకనుంచి లారీ గుద్దింది. మనిషికేం కాలేదులే, భయపడకు."

మనిషికేమైందని అడగాలని తనకి తోచనే లేదని కోడలు గమనించింది. గమనించి ఊరుకుంది.

ఆవిడ మనిషిని పిలిచి ఫిల్టరు విప్పమంది. నట్లు తుప్పుపట్టి ఉన్నాయి. ఆలస్యమైంది. కూర్చోడానికి ఎక్కడో ఊడదీసిన కారు సీటొకటి నేలమీద వేశారు. తోలు సీటు, మెత్తగా ఉంది. ఆరుబయట, తుక్కు మధ్యలో, నేలకి జానెడెత్తున కోడలు ఆ సీట్లో వీపు నిటారుగా పెట్టి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరింటికో పేరంటానికి వెళ్లినట్టు కూర్చుంది.

"మీవారు రాలేదేం? ఇలాంటి పనికి ఆడవాళ్లని పంపరు ఎవరూ" అంది యార్డు ఆవిడ.

"పోయారు."

"అయ్యో." ఆవిడ తొడుగులు తీసి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "మరి ఈ బండెందుకే నీకు? నాకమ్మెయ్. మంచి ధర ఇస్తా. ముక్కముక్కకీ గిరాకీ ఉంది."

మాటలో జాలి, వ్యాపారం రెండూ నిజమే. కోడలికి రెండూ తప్పనిపించలేదు. "ఇంట్లో అవసరముంది" అంది.

ఫిల్టరు వచ్చింది. మొదట నంబరు, తర్వాత రంధ్రాలు, తర్వాత బరువు. కొడితే గోడని కొట్టినట్టు మూగగా పలికింది. మెకానిక్ చెప్పినట్టు సంచిలోంచి తెల్ల చేతిరుమాలు తీసి, పొగ బయటికి పోయే వైపు లోపలికి పెట్టి తుడిచింది. రుమాలు కాస్త బూడిదరంగు తిరిగింది, అంతే. జల్లెడ పగిలి ఉంటే మసి ఇవతలికి దాటి ఉండేది, రుమాలు నల్లబడేది. రెండోవైపు తుడిస్తే కాటుకలా అంటింది. అది అలాగే ఉండాలి.

"ఇది తీసుకుంటాను."

యార్డు ఆవిడ రెండు చివర్లా గుడ్డలు కూరి, గోనెలో చుట్టి ఇచ్చింది. "లోపలిది పింగాణీ లాంటిది, గుంతలో పడితే చిట్లుతుంది. కింద పెట్టకు, ఒళ్లో పెట్టుకు వెళ్లు."

ఆటోలో దారిపొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది. తొడలు తిమ్మిరెక్కాయి. దిగాకగాని ఆ సంగతి తెలియలేదు.

*

మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిగించడం మొదలుపెట్టాడు. బిగించాక, ఫిల్టరు మారిందని కంప్యూటరుకి చెప్పి, స్టార్టు చేశాడు.

"ఇదేనా అమ్మా?"

ఆమె కళ్లు మూసుకుని విన్నది. బొంగురు లేని, బరువైన చప్పుడు. "ఇదే."

"ఇక వినండి" అన్నాడతను ఇంజను ఆపకుండానే. "షెడ్డులో నిలబెట్టి నడిపారో, ఇదీ పూడుతుంది. అప్పుడు నేనూ ఏం చెయ్యలేను, ఆ యార్డావిడా ఏం చెయ్యలేదు. స్టార్టు చేస్తే బయటికి తియ్యాలి. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కాలి, ఆగకుండా పోవాలి. ఇదిగో ఇక్కడ, కాలుతున్నంతసేపూ గుర్తు చూపిస్తుంది. అది పోయేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా. మీకు డ్రైవింగొచ్చా?"

"చిన్న కారు నడిపేదాన్ని."

"ఇదీ కారే. కాస్త వెడల్పు."

ఇంటికి తెచ్చాక ఆడపడుచు సంగతంతా విని అసలు చిక్కు ఎక్కడుందో వెంటనే పట్టుకుంది. "వదినా, కారు బయటికి తియ్యాలంటే అమ్మ కిటికీ ముందునుంచే కదా పోవాలి. నువ్వు తోలుతుంటే కనపడదూ?"

"కనపడుతుంది."

"అన్నయ్య కోటేసుకో. టోపీ పెట్టుకో."

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఆడపడుచు తనే తల అడ్డంగా ఊపింది. "ఛ. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియట్లేదు."

*

పొద్దున్న స్టార్టు చేసింది. గోడ అవతల మంచం కిర్రుమంది. "బయల్దేరాడా?" అన్న మాట, "ఆఁ, వెళ్తున్నాడమ్మా" అని ఆడపడుచు జవాబు వినిపించాయి. ఆమె కారును అంగుళం అంగుళంగా షెడ్డులోంచి వెనక్కి తీసింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి అత్తగారు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు కళ్లు కలిశాయి. ఆవిడ ముఖంలో ఏమీ లేదు. కోడలు గేటు దాటింది, రోడ్డెక్కింది, మెకానిక్ చెప్పిన గుర్తు వచ్చి పోయేదాకా నడిపింది, వెనక్కి వచ్చింది.

అత్తగారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి. వెనక ఆడపడుచు చేతులు తిప్పుతోంది, నావల్ల కాలేదన్నట్టు.

"ఎక్కడికెళ్లావ్?"

"పెద్ద రోడ్డు దాకా అత్తయ్యా. బండికి దూరం పోవడం అవసరమట."

"నన్నొదిలేసి?"

ఏ అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటూ వచ్చింది కోడలు. "మీరు రాగలరా?" అంది.

"ఏం, నాకు కాళ్లు లేవా? నీ కారుకి తలుపులు లేవా?"

ఆ తర్వాతి సారి అత్తగారు ముందు సీట్లో ఉంది. శాలువా మీద బెల్టు. అది ఇబ్బందిగా ఉందని మూడు వంకలు పెట్టి, ఊరు దాటేసరికి మరిచిపోయింది. రోడ్డుకి అటూ ఇటూ కోసిన పొలాలు, గోడౌన్లు, మళ్లీ పొలాలు. గుర్తు వెలిగింది. లోపల మసి కాలడం మొదలైంది. ఇంజను గొంతు ఒక్క మెట్టు కిందికి దిగింది. ఆ తేడా అత్తగారికి తెలిసింది. తల పక్కకి వంచి విన్నది.

"వాడేడే?" అంది.

ఇంట్లో అయితే కోడలు వంటింట్లోకి వెళ్లేది, గ్లాసు కడిగేది, ఏదో ఒకటి చేసేది. ఇక్కడ రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి. కళ్లు రోడ్డు మీదుండాలి. లేచి వెళ్లడానికి పక్క గది లేదు.

"పోయారు అత్తయ్యా. చలికాలానికి ముందు. ఆస్పత్రిలో."

అత్తగారు ఏడ్చింది. చిన్నగా మొదలై, శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, మనిషంతా ఊగేలా. కోడలు ఆపి ఆవిడ్ని పట్టుకోవాలనుకుంది. గుర్తు ఇంకా వెలుగుతోంది. ఆపకూడదు. ఒక చెయ్యి తీసి ఆవిడ మోకాలి మీద వేసి, రోడ్డు వంపు తిరిగేసరికి మళ్లీ తీసుకుంది.

చాలా దూరం పోయాక ఏడుపు సన్నబడింది.

"నువ్వున్నావా అప్పుడు?"

"పక్కనే ఉన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నిద్రలోనే."

అత్తగారు ముక్కు తుడుచుకుంది. "నువ్వేడ్చావా?"

"ఇంకా లేదు."

"ఇంకా లేదేమిటే? ఎప్పుడేడుస్తావ్, నేను పోయాకా?"

"పనుంటోంది అత్తయ్యా. రోజూ ఏదో ఒక పని."

"ఇప్పుడేం పని? ఇక్కడెవరున్నారు? ఏడువు."

"బండి నడుపుతున్నాను కదా. కళ్లు కనపడాలి."

అత్తగారు రోడ్డు వంక చూసింది. తర్వాత శాలువా సర్దుకుని, బెల్టు సాగినంత మేరా ముందుకి జరిగి, రెండు చేతులూ ఎదుటి పలక మీద ఆనించింది.

"సరే. రోడ్డు నేను చూస్తాలే" అంది.

వెనక్కి తిరిగే మలుపు వచ్చింది. కోడలు తిప్పలేదు, దాటేసింది. గుర్తు ఇంకా పోలేదు. రేపు ఆవిడ మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెప్పాలి. ఇంట్లో మాత్రం చెప్పకూడదు, ఇక్కడే చెప్పాలి అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు. గొంతులో ఎక్కడో చిన్న నొప్పి, ఎముక అడ్డం పడ్డట్టు. అది తన గొంతేనని తెలుస్తోంది.

"లారీ వస్తోంది" అంది అత్తగారు. "పెద్దది. ఖాళీది. చప్పుడు చూడు, డొల్లగా లేదూ? కాస్త పక్కకి పోనీ."

కోడలు పక్కకి పోనిచ్చింది.